కటావి నేషనల్ పార్క్ సఫారీకి వెళ్దామనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

టాంజానియా అనగానే మనవాళ్లకి సెరెంగెటి, గోరోంగోరో, కిలిమంజారో, చివర్లో జాంజిబార్ బీచ్, ఇవే గుర్తొస్తాయి. అదే దేశంలో పడమటి వైపు, టాంగన్యీకా సరస్సుకి కాస్త ఇవతల, కటావి అని ఒక పార్క్ ఉంది, అక్కడికి వెళ్లే టూరిస్టులు చాలా తక్కువ. ఎలా వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి అని అడిగేవాళ్ల కోసం నాకు తెలిసిందంతా ఒక్కచోట రాస్తున్నా. ముందే ఒక మాట, కటావి ప్లాన్ మొత్తం రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది, కటూమా నదిలో నీళ్లు ఎంతున్నాయి అనేది ఒకటి, చిన్న విమానం వారంలో ఏ రోజు వస్తుంది అనేది రెండోది. ఈ రెండూ తేల్చుకున్నాకే క్యాంపు, కెమెరా, బట్టలు గురించి ఆలోచించండి.

కటావి ఎక్కడుంది, ఎంత పెద్దది?

టాంజానియా పశ్చిమాన కటావి రీజియన్‌లో ఉంది, దగ్గరి టౌన్ ఎంపాండా, అక్కడి నుంచి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు వస్తే సిటాలికే అనే ఊరు, పార్క్ హెడ్‌క్వార్టర్స్ అక్కడే. 1974లో నేషనల్ పార్క్ అయింది, తర్వాత 1990లలో ఇంకా పెంచారు, ఇప్పుడు 4,471 చదరపు కిలోమీటర్లు. ఎక్కువ భాగం మియోంబో అడవి, అంటే ఎండాకాలం ఆకులు రాల్చే చెట్ల అడవి, మధ్యలో కటూమా నది, దాని పక్కన కటావి, చాడా అని రెండు "సరస్సులు". వానల్లోనే అవి సరస్సులు, ఎండల్లో మాత్రం కనుచూపుమేర గడ్డి మైదానాలు.

సెరెంగెటి ఉండగా ఇంత దూరం ఎందుకు వెళ్లాలి?

మనుషులు లేకపోవడం కోసం. సెరెంగెటిలో సీజన్‌లో ఒక సింహం కనిపిస్తే చుట్టూ పది పదిహేను జీపులు చేరిపోతాయి, డ్రైవర్లు రేడియోలో ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు. కటావిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగినా వేరే బండి ఒక్కటి కూడా ఎదురుపడని రోజులు మామూలే.

రెండో కారణం హిప్పోలు. ఎండాకాలం ముదిరేకొద్దీ కటూమా నది చిన్న చిన్న మడుగులుగా మిగిలిపోతుంది, చుట్టుపక్కల ఉన్న హిప్పోలన్నీ ఆ మడుగుల్లోకే వచ్చి పడతాయి, ఒక్కో మడుగులో వందలు. ఇకూ రేంజర్ పోస్ట్ దగ్గర ఒడ్డున బండి ఆపుకుని కూర్చుంటే మొదట నీళ్లే కనపడవు, బురద రంగు వీపులే ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, వాటి మీద చిన్న పిట్టలు గెంతుతూ పురుగులు ఏరుకుంటుంటాయి. మధ్యలో ఉన్న ఒక హిప్పో కాస్త పక్కకి జరిగిందా, దాని పక్కది నోరు తెరిచి అరుస్తుంది, దాని పక్కది అందుకుంటుంది, అలా మడుగు ఈ చివర నుంచి ఆ చివరకి అరుపు పాకుతుంది. మగవాటి వీపుల మీద కోరల గాట్లు, కొన్ని ఎర్రగా ఇంకా పచ్చిగానే. వాసన ఘాటుగా ఉంటుంది, ముందే చెప్తున్నా.

అదే నది ఒడ్డున మట్టి గోడల్లో పెద్ద పెద్ద బొరియలు ఉంటాయి, అవి మొసళ్లవి. నీళ్లు అయిపోయినప్పుడు మొసళ్లు ఆ బొరియల్లో దూరి, ఒకదాని మీద ఒకటి పడుకుని, వానలు వచ్చేదాకా కదలకుండా ఉండిపోతాయి. గైడ్ చూపించేదాకా అవి మట్టిగడ్డల్లాగే ఉంటాయి.

బిగ్ ఫైవ్ అన్నీ కనిపిస్తాయా?

బిగ్ ఫైవ్ అంటే సింహం, చిరుత, ఏనుగు, కేప్ బఫెలో (ఆఫ్రికా అడవి దున్న), ఖడ్గమృగం. అన్నీ కనిపించవు, ఇక్కడ ఖడ్గమృగం లేదు. అది చూడటం ముఖ్యమైతే గోరోంగోరో పెట్టుకోండి. సింహాలు బాగానే కనిపిస్తాయి, కేప్ బఫెలోలు పెద్ద పెద్ద మందలుగా ఉంటాయి, ఆ మందల వెనకే సింహాలు తిరుగుతుంటాయి. ఏనుగులు, జిరాఫీలు, జీబ్రాలు, టోపీ అనే రకం జింకలు మైదానాల్లో ఉంటాయి. చిరుతలు ఉన్నాయి కానీ మియోంబో అడవిలో దాక్కుంటాయి, కనపడితే అదృష్టమే. రోన్, సేబుల్ అని పెద్ద కొమ్ముల జింకలు రెండు రకాలు, ఇవి మిగతా ఫేమస్ పార్కుల్లో అంత సులువుగా దొరకవు, ఇక్కడ అడవి వైపు ఓపిగ్గా తిరిగితే ఛాన్స్ ఉంది.

పక్షులు 400 రకాలకు పైనే. కొంగల్లోనే ఎన్ని రకాలో. మన పాలపిట్ట చుట్టం, లైలాక్ బ్రెస్టెడ్ రోలర్, ఎండు కొమ్మల మీద కూర్చుని కనపడుతూనే ఉంటుంది, గొంతు దగ్గర ఊదారంగు. దసరాకి పాలపిట్టను చూడాలని తిరిగేవాళ్లకి ఇది చూస్తే ఎంత సంతోషమో చెప్పలేను, పైగా దసరా వచ్చే నెలల్లోనే కటావి మంచి సీజన్.

ఏ నెలలో వెళ్తే మంచిది?

జూన్ నుంచి అక్టోబర్ దాకా ఎండాకాలం, ఆ ఐదు నెలల్లోనే వెళ్లాలి. ఆ ఐదులో కూడా తేడా ఉంది. జూన్, జూలైలో గడ్డి ఇంకా ఎత్తుగా ఉంటుంది, రాత్రుళ్లు చలి, నదిలో కాస్త నీళ్లుంటాయి కాబట్టి జంతువులు చెదిరి ఉంటాయి, వాతావరణం మాత్రం హాయిగా ఉంటుంది. ఆగస్టు నుంచి మైదానాలు ఎండిపోతాయి, మందలు నీళ్ల దగ్గరికి చేరతాయి. సెప్టెంబర్ రెండో సగం, అక్టోబర్ అయితే హిప్పోల గుంపులు, బఫెలో మందలు, సింహాల వేట అన్నీ పతాక స్థాయిలో ఉంటాయి కానీ మధ్యాహ్నాలు వేడి బాగా ఉంటుంది, దుమ్ము, పొగమంచులాగా మసక. నన్నడిగితే సెప్టెంబర్. వేడి తట్టుకోగలిగినవాళ్లు అక్టోబర్ మొదటి వారాలు కూడా చూసుకోవచ్చు.

ఒక విషయం మనసులో పెట్టుకోండి, అక్టోబర్‌లో కనిపించే దృశ్యం అందంగా మాత్రమే ఉండదు, బక్కచిక్కిన జంతువులు, బురదలో చిక్కుకుని చనిపోయినవి కూడా కనిపిస్తాయి. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు, చూసి తట్టుకోలేనివాళ్లు జూలై ఆగస్టు ఎంచుకోవడం మేలు.

వానల్లో వెళ్తే చవకగా వస్తుంది కదా?

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు. అక్కడిది నల్లరేగడి, తడిస్తే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా దిగబడుతుంది. లోపలి క్యాంపులు మూసేస్తారు, జంతువులు అడవిలోకి చెదిరిపోతాయి. వద్దు.

హైదరాబాద్ నుంచి ఎలా వెళ్లాలి?

ముందు దార్ ఎస్ సలామ్ గానీ, అరూషా పక్కనున్న కిలిమంజారో ఎయిర్‌పోర్ట్ గానీ చేరాలి. దుబాయ్, దోహా, అడిస్ అబాబా మీదుగా కనెక్షన్లు దొరుకుతాయి. అక్కడి నుంచి కటావికి మూడు దారులు.

మొదటిది సఫారీ విమానం. పన్నెండు మంది పట్టే సెస్నా కారవాన్ లాంటి చిన్న విమానాలు అరూషా నుంచి, రువాహా పార్క్ వైపు నుంచి వచ్చి పార్క్ లోపలే ఇకూ మట్టి రన్‌వే మీద దిగుతాయి. ఇవి రోజూ ఉండవు, సాధారణంగా సోమవారం, గురువారం, అంతే, అదే విమానం చింపాంజీలుండే మహాలే పార్క్‌కి కూడా వెళ్తుంది. అందుకే మీ ఇంటర్నేషనల్ టికెట్ కొనకముందే ఈ విమానం రోజులు ఖాయం చేసుకోవాలి. చాలామంది ఆఫర్‌లో వచ్చిందని ముందు హైదరాబాద్ టికెట్ కొనేసి తర్వాత ఇక్కడ అతకక ఇబ్బంది పడతారు. దార్‌లోనో అరూషాలోనో అటు ఒక రాత్రి ఇటు ఒక రాత్రి ఖాళీగా ఉంచుకోండి, చిన్న విమానాల టైమింగ్స్ మారుతుంటాయి.

రెండోది ఎయిర్ టాంజానియాలో దార్ నుంచి ఎంపాండాకి వచ్చి అక్కడి నుంచి బండి. ఖర్చు తగ్గుతుంది. మూడోది రోడ్డు, దార్ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైనే, బస్సులు కూడా ఉన్నాయి కానీ సెలవులు లెక్కపెట్టుకుని వచ్చేవాళ్లకి నేను చెప్పను. టబోరా వైపు నుంచి ఎంపాండాకి రైలు లైన్ కూడా ఉంది, రైళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు, టైమ్ బాగా ఉన్నవాళ్లు చూసుకోండి.

ఎన్ని రాత్రులు ఉండాలి?

విమానమే చెప్తుంది. సోమవారం దిగితే గురువారం ఎక్కాలి, మూడు రాత్రులు. గురువారం దిగితే సోమవారం దాకా నాలుగు. నాలుగు దొరికితే నాలుగే తీసుకోండి. మొదటి రోజు హిప్పోలు చూసి ఆశ్చర్యపోవడంతోనే సరిపోతుంది, రెండో రోజు నుంచే ఒకచోట బండి ఆపుకుని గంటల తరబడి కూర్చునే ఓపిక వస్తుంది, కటావి అసలు రుచి ఆ కూర్చోవడంలోనే ఉంది.

ఖర్చు ఎంతవుతుంది?

లోపలి క్యాంపులు తక్కువ, ఒక్కోదాంట్లో టెంట్లూ తక్కువే, సామానంతా దూరం నుంచి రావాలి, అందుకే రేట్లు ఎక్కువ. తిండి, గైడ్, బండి అన్నీ కలిపి మనిషికి రాత్రికి కొన్ని వందల డాలర్లు, పేరున్న క్యాంపులో పీక్ సీజన్ అయితే వెయ్యి దాటుతుంది, విమానం ఖర్చు వేరే. అంత పెట్టలేనివాళ్లు వదులుకోనక్కర్లేదు. సిటాలికేలో పార్క్ వాళ్ల గదులు ఉన్నాయి, క్యాంప్‌సైట్లు ఉన్నాయి, ఊళ్లో నది ఒడ్డున చిన్న బసలు ఉన్నాయి, అక్కడ ఉండి ఎంపాండా నుంచి గానీ సిటాలికే నుంచి గానీ బండి, గైడ్ మాట్లాడుకోవచ్చు. లగ్జరీ ఉండదు, హిప్పోలు మాత్రం అవే. నలుగురు కలిసి వెళ్తే బండి ఖర్చు పంచుకోవచ్చు కాబట్టి బాగా కలిసొస్తుంది.

పార్క్ ఎంట్రీ ఫీజు 24 గంటల లెక్కన, దాని మీద 18 శాతం వ్యాట్. సెరెంగెటి కన్నా ఇక్కడ తక్కువ. కొటేషన్ వచ్చినప్పుడు ఫీజు, వ్యాట్ కలిపి చెప్పారా విడిగానా అని తప్పకుండా అడగండి, కటావి బిల్లుల్లో తేడాలు ఎక్కువగా అక్కడే వస్తాయి. టిప్పుల కోసం డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే తీసుకెళ్లండి, పాతవి, చిరిగినవి తీసుకోరు.

ట్సెట్సీ ఈగలు చాలా ఉంటాయంట, నిజమేనా?

నిజం, దాచేదేం లేదు. మియోంబో అడవిలోంచి బండి వెళ్తున్నప్పుడు వెంటపడతాయి, బట్టల మీదుగా కూడా కుడతాయి, నొప్పి పుడుతుంది. బయట మైదానంలోకి రాగానే తగ్గిపోతాయి. దోమల క్రీములు వీటికి పెద్దగా పనిచేయవు. నీలం, నలుపు రంగులు వీటిని బాగా లాగుతాయి, అందుకే జీన్స్, నల్ల టీషర్టులు ఇంట్లోనే వదిలేయండి, లేత ఖాకీ, లేత బూడిద రంగు ఫుల్ హ్యాండ్స్ వేసుకోండి, బట్ట కాస్త మందంగా ఉండాలి. గైడ్లు ఒక డబ్బాలో ఎండిన ఏనుగు పేడ వేసి నిప్పు పెట్టి బండి వెనక వేలాడదీస్తారు, ఆ పొగకి చాలావరకు దూరంగా పోతాయి. కళ్లు మండుతాయి కానీ కుట్టించుకోవడం కన్నా నయం.

ఈ ఈగల వల్ల స్లీపింగ్ సిక్‌నెస్ అనే జబ్బు వస్తుంది, టూరిస్టులకి అరుదు. కుట్టిన చోట పుండులా లేచినా, తిరిగొచ్చాక జ్వరం వచ్చినా డాక్టర్‌కి "టాంజానియా అడవిలో తిరిగాను, ట్సెట్సీ కుట్టింది" అని మీరే చెప్పాలి, మన దగ్గర డాక్టర్లకి అది వెంటనే తట్టదు.

మలేరియా, ఎల్లో ఫీవర్ సంగతి?

మలేరియా మాత్రలు తప్పనిసరిగా వేసుకోవాలి. అక్కడ ఉండేది ఎక్కువగా ఫాల్సిపేరం రకం, క్లోరోక్విన్ పనిచేయదు. అటోవాక్వోన్ ప్రోగ్వానిల్ అయితే వెళ్లే ముందు ఒకటి రెండు రోజుల నుంచి మొదలుపెట్టి వచ్చాక 7 రోజులు, డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక 4 వారాలు వాడాలి, మీకు ఏది సరిపోతుందో డాక్టర్ చెప్తారు. మధ్యలో ఆపేయొద్దు, ఇంటికొచ్చేశాం కదా అని మానేసేవాళ్లే ఎక్కువ.

ఎల్లో ఫీవర్‌లో మెలిక ఉంది. కెన్యా, ఇథియోపియా, ఉగాండా మన దేశం పెట్టుకున్న ఎల్లో ఫీవర్ లిస్టులో ఉన్నాయి. నైరోబీ, అడిస్ మీదుగా వస్తే తిరిగి హైదరాబాద్‌లో దిగినప్పుడు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు కార్డు అడుగుతారు, లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకి ఉంది. ట్రాన్సిట్‌లో ఎయిర్‌పోర్ట్ దాటకపోతే మినహాయింపు ఉంటుంది కానీ అది అక్కడున్న హెల్త్ ఆఫీసర్ ఒప్పుకుంటేనే. టాంజానియా వాళ్లు కూడా ఆ దేశాల్లో 12 గంటలు దాటి ఆగితే కార్డు అడుగుతారు. టీకా వేయించేసుకుంటే గొడవ ఉండదు, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి.

ఇన్సూరెన్స్‌లో విమానంలో తరలించే కవర్ ఉందో లేదో చూడండి. దగ్గర్లో పెద్దాసుపత్రి లేదు. ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ అని నైరోబీ కేంద్రంగా ఎయిర్ అంబులెన్స్ సర్వీస్ ఉంది, కొన్ని క్యాంపులు వాళ్ల కవర్ కలిపే ఇస్తాయి, అడిగి కనుక్కోండి.

వీసా కష్టమా?

ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఈ-వీసా ఉంది, మామూలు టూరిస్ట్ వీసా 50 డాలర్లు. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్న మనవాళ్లకి 100 డాలర్ల మల్టిపుల్ ఎంట్రీ. టాంజానియా ఇమిగ్రేషన్ వాళ్ల అధికారిక సైట్‌లోనే అప్లై చేయండి, అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు డబుల్ వసూలు చేస్తాయి.

లగేజ్ ఎంత తీసుకెళ్లొచ్చు?

చిన్న విమానంలో మనిషికి 15 కిలోలు, కెమెరా బ్యాగ్, చేతి సంచీ అన్నీ కలిపి. చక్రాల గట్టి సూట్‌కేసులు వద్దు, విమానం కడుపులో ఇరుకు కాబట్టి మెత్తటి డఫిల్ బ్యాగే పట్టుకెళ్లాలి. పెద్ద సూట్‌కేస్ ఉంటే దార్‌లో గానీ అరూషాలో గానీ హోటల్లో వదిలి వెళ్లొచ్చు. చాలా క్యాంపుల్లో బట్టలు ఉతికిస్తారు, మూడు జతలు చాలు. మిలిటరీ డిజైన్ చుక్కల బట్టలు అక్కడ పౌరులు వేసుకోకూడదు, అడవి కదా అని అవి కొనుక్కెళ్లకండి. ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2019 జూన్ నుంచి దేశంలోకే నిషేధం, మన అలవాటు ప్రకారం చెప్పులకో కవరు, పచ్చడి సీసాకో కవరు చుట్టేస్తాం, వాటి బదులు గుడ్డ సంచులు వాడండి. డ్రోన్ ఇంట్లోనే పెట్టండి, పర్మిషన్ లేకుండా పార్కులో ఎగరేయనివ్వరు.

శాకాహారులకి తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, బుక్ చేసేటప్పుడే స్పష్టంగా చెప్పాలి, గుడ్డు తింటారా, పాలు పెరుగు తింటారా, ఉల్లి వెల్లుల్లి తింటారా అని విడివిడిగా రాయండి. వెళ్లాక చెప్తే లాభం లేదు, కూరగాయలు కూడా విమానంలోనో లారీలోనో ముందే రావాలి. టాంజానియా వంటలో మనకి పరాయిగా అనిపించేది తక్కువే. మ్చిచా అంటే తోటకూర వేపుడే, మహారాగే అంటే బీన్స్ కూర, కొబ్బరిపాలతో అన్నం, చపాతీ, చాయ్ అన్నీ ఉంటాయి. ఉగాలి మన జొన్న సంకటి లాంటిదే, మొక్కజొన్న పిండితో చేస్తారు. కారం మాత్రం తక్కువ, చిన్న డబ్బాలో కందిపొడి, కరివేపాకు కారం పట్టుకెళ్తే చాలు. టెంట్‌లో పళ్లు, తినుబండారాలు పెట్టుకోకండి, కోతులు జిప్పులు తీస్తాయి, పళ్ల వాసనకి ఏనుగు టెంట్ దాకా వస్తుంది. డబ్బా భోజనాల టెంట్‌లో వంటవాళ్లకి ఇచ్చేయండి.

రాత్రి టెంట్‌లో పడుకోవడం సేఫేనా?

చెప్పినట్టు వింటే సేఫే. చుట్టూ కంచె ఉండదు, రాత్రి హిప్పోలు గడ్డి మేయడానికి టెంట్ల మధ్యకి వస్తాయి, నమిలే చప్పుడు బట్ట గోడ అవతల నుంచి వినిపిస్తుంది. చీకటి పడ్డాక కాపలా మనిషి తోడు లేకుండా అడుగు బయట పెట్టకూడదు, టార్చ్ ఊపితే గానీ విజిల్ వేస్తే గానీ వాళ్లొస్తారు. లోపల ఉన్నంతసేపు జిప్ పూర్తిగా వేసి ఉంచాలి. పగలు నడక సఫారీలు ఉన్నాయి, తుపాకీ ఉన్న రేంజర్ వెంట వస్తాడు, ఒకరి వెనక ఒకరు మాట్లాడకుండా నడవాలి, పరిగెత్తడం అనేది మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా?

క్యాంపుని బట్టి వయసు రూల్ ఉంటుంది, ముందే అడగాలి. అమ్మానాన్నలని తీసుకెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది కుదుపులు, దూరం. నడుం నొప్పి, గుండె సమస్య ఉన్నవాళ్లకి ఆసుపత్రి దగ్గర్లో ఉన్న ఉత్తరం వైపు పార్కులే మంచిది.

ఫోన్, కరెంట్?

సిటాలికేలో సిగ్నల్ వస్తుంది, పార్క్ లోపల ఎక్కువచోట్ల రాదు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి వెళ్లండి, లేకపోతే కంగారు పడతారు. క్యాంపుల్లో సోలార్, ఛార్జింగ్ ఎక్కువగా భోజనాల టెంట్‌లోనే. ప్లగ్గులు ఎక్కువగా బ్రిటిష్ చదరపు మూడు పిన్నులవి, వాటికి మనవి పట్టవు, అడాప్టర్ కొనుక్కోండి. టైమ్ మనకన్నా రెండున్నర గంటలు వెనక.

కటావి అనే పేరు, చింతచెట్టు కథ ఏంటి?

కటాబి అనే వేటగాడి ఆత్మ కటావి సరస్సు దగ్గర ఒక చింతచెట్టులో ఉంటుందని అక్కడివాళ్ల నమ్మకం, పార్క్‌కి పేరు ఆయన నుంచే. ఇప్పటికీ ఊళ్లవాళ్లు చెట్టు మొదట్లో కానుకలు పెట్టి మొక్కుకుంటారు. గైడ్‌ని అడిగితే తీసుకెళ్తారు. అక్కడ పెట్టినవి ముట్టుకోకండి, ఫోటో తీసే ముందు అడగండి. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికానే, మనం మన చెట్టే అనుకుంటాం కానీ ఏనాడో అక్కడి నుంచి మన దగ్గరికి చేరింది.

నది ఏటా ఇంతగా ఎండిపోవడం మామూలేనా?

ఎండాకాలం తగ్గడం ఎప్పుడూ ఉన్నదే, జంతువులు దానికి అలవాటు పడినవే. కానీ ఈ మధ్య దశాబ్దాల్లో పార్క్‌కి ఎగువన వరి సాగు పెరిగింది, రైతులు కటూమాకి అడ్డంగా కట్టలు వేసి పొలాలకి నీళ్లు మళ్లిస్తున్నారు, దాంతో పార్క్‌లోకి వచ్చే ప్రవాహం తగ్గి, ఎండ నెలలు మరీ గడ్డుగా మారాయి. కృష్ణా గోదావరి ఆయకట్టుల నుంచి వచ్చిన మనకి ఎగువ దిగువ తగాదా చెప్పక్కర్లేదు. ఆ రైతులు కూడా పేదవాళ్లే, వాళ్లని తిట్టి లాభం లేదు, పంట పొలాల మీద పడే ఏనుగులు, హిప్పోలతో నష్టం కూడా వాళ్లదే. మనం చేయగలిగింది ఒకటుంది, సిటాలికే ఊరి గైడ్లని, ఊరివాళ్లకి పని ఇచ్చే క్యాంపుల్ని ఎంచుకోవడం. పార్క్ వల్ల ఇంట్లోకి డబ్బు వచ్చే కుటుంబాలు ఎంత పెరిగితే నదికి అంత మేలు అని గట్టిగా నమ్ముతాను.

మహాలే కూడా కలపాలా?

వీలైతే తప్పకుండా. టాంగన్యీకా సరస్సు ఒడ్డున కొండ అడవి, అడవి చింపాంజీలు ఉంటాయి, క్యోటో యూనివర్సిటీ వాళ్లు 1965 నుంచి అక్కడ వాటిని పరిశీలిస్తున్నారు. విమానం ఎలాగూ అదే కాబట్టి కటావి మూడు, మహాలే నాలుగు రాత్రులు కలిపితే వారం సరిగ్గా సరిపోతుంది. చింపాంజీల దగ్గర ఒక గంటే ఉండనిస్తారు, మాస్క్ పెట్టుకోవాలి, 12 ఏళ్ల లోపు పిల్లలని పంపరు, జలుబు ఉంటే పెద్దవాళ్లని కూడా పంపరు.

ఎంత ముందు బుక్ చేయాలి?

ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య తేదీలకి ఏడాది ముందు చూసుకోవడం మంచిది, టెంట్లు తక్కువ, విమానం సీట్లు ఇంకా తక్కువ. వరస ఇలా పెట్టుకోండి, ముందు చిన్న విమానం, క్యాంపు ఒకేసారి ఖాయం చేసుకుని, ఆ తర్వాత ఇంటర్నేషనల్ టికెట్, ఆ తర్వాత ఎల్లో ఫీవర్, వీసా, ఆఖర్న మలేరియా మాత్రలు, అడాప్టర్. సిటాలికేలో ఉండి తక్కువ ఖర్చుతో తిరిగేవాళ్లకి అంత ముందు అక్కర్లేదు కానీ బండి, గైడ్ మాట మాత్రం కొన్ని వారాల ముందే ఖాయం చేసుకోవాలి.